మీరు కూడా వాడొచ్చట!

"మీరు కూడా వాడొచ్చు మేడమ్, ఇందులో కంప్యూటర్ ఉంది."

రెండేళ్ళ కిందట టెలిస్కోపు కొనడానికి వెళ్ళినప్పుడు కొట్లో అబ్బాయి నాతో అన్న ఒకే ఒక్క మాట ఇది. అప్పటిదాకా పావుగంట సేపు మా ఆయనతో, మా వాడితో అద్దం వెడల్పు 130 మిల్లీమీటర్లనీ, గొట్టం ఎంత పొడవనీ చెప్పి, చివర్లో పాపం నన్నెందుకు వదిలెయ్యాలని ఇటు తిరిగి ఆ ముక్క అన్నాడు.

నేను తెలుగు బి.ఏ. చదివినదాన్ని. వాక్యంలో ఏ మాట ఎక్కడ కూర్చుందో చూడకుండా ఉండలేను. "కూడా" చిన్న మాటే, కానీ అందులో ఎంత ఉందో చూడండి. ఈ వస్తువు అసలు మీది కాదు, మీకు బుర్ర అక్కర్లేకుండా చేశాం కాబట్టి ముట్టుకోవచ్చు అని. స్కూటీ అమ్మినా ఇదే మాట, స్మార్ట్ ఫోన్ అమ్మినా ఇదే మాట. నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వుకి ఇప్పుడు చింతిస్తున్నాను, అందుకే ఈ పోస్టు.

ముందు మగవాళ్ళ కథ చెప్తాను. మొదటి రాత్రి తండ్రీ కొడుకులు డాబా మీద దాన్ని నిలబెట్టి, పుస్తకం అట్టపెట్టెలోనే వదిలేసి, రిమోట్ తీసుకుని తారీఖు కొట్టారు. ఆ రోజు ఏప్రిల్ 5. మన అలవాటు ప్రకారం 05, తర్వాత 04 కొట్టారు. ఆ యంత్రానికి ముందు నెల, తర్వాత రోజు చెప్పాలి. అది మే 4 అనుకుంది. ఆకాశంలో చుక్కలు రోజుకి నాలుగు నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి కదా, ఇరవై తొమ్మిది రోజులంటే దాదాపు రెండు గంటల తేడా. చుక్కని చూపించవే అంటే అది గిర్రున తిరిగి పక్కింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు చూపించింది. రెండో రాత్రి తారీఖు సరిచేశారు గానీ, రిమోట్ ఒక నక్షత్రం పేరు చెప్పి దాన్ని మధ్యలోకి తీసుకురమ్మంటే, బాగా మెరిసేది ఏదో ఒకటి పట్టుకుని అదే అన్నారు. మూడో రాత్రి ఎనిమిది పెన్సిల్ సెల్లులూ అయిపోయాయి. నాలుగో రాత్రి క్రికెట్ మ్యాచ్. ఐదో రోజు టెలిస్కోపు అటకెక్కింది. "పీస్ బాగా లేదు" అని తీర్పు కూడా ఇచ్చేశారు.

ఇదే నేను చేసి ఉంటే ఏమనేవారు? "ఆడవాళ్ళకి మిషన్లు ఎందుకు" అనేవారు. మగవాళ్ళు చేస్తే పీస్ బాగా లేదు!

ఏడాది తర్వాత, పోయిన వేసవిలో దాన్ని నేను దించాను. మధ్యాహ్నాలు వంటిల్లు సర్దుకున్నాక నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ పుస్తకం చదివాను. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. చదివిన కొద్దీ నాకు నవ్వొచ్చింది. అందులో ఉన్నవన్నీ మనం రోజూ చేసే రకం పనులే. పగలు వెలుతురులో దూరంగా ఉన్న సెల్ టవర్ కొనని గొట్టంలోంచి మధ్యకి తెచ్చి, పైనున్న చిన్న ఫైండర్ ఎర్రచుక్క కూడా అదే కొన మీద పడేలా మరలు తిప్పాలి. (ఈ పని చేసేటప్పుడు గొట్టం సూర్యుడి వైపు తిరగకూడదు, కన్ను పోతుంది. పిల్లలకి ఇది గట్టిగా చెప్పండి.) మూడు కాళ్ళ స్టాండు పైభాగం సమంగా ఉందో లేదో చూడటానికి పక్క వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రీని అడిగి రసమట్టం తెచ్చాను. సెల్లులు నమ్మకుండా అడాప్టరు కొని డాబా మీద ప్లగ్గు నుంచి కరెంటు ఇచ్చాను. లిస్టులో గుంటూరు లేదు, అందుకని అక్షాంశం 16.3 ఉత్తరం, రేఖాంశం 80.4 తూర్పు అని నేనే కొట్టాను. టైము గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందు అని చెప్పాను. పాలు పొంగకుండా చూసుకునే ఓపిక ఉంటే చాలు, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

అసలు సంగతి ఆ తర్వాత వచ్చింది. అన్నీ చెప్పించుకున్నాక ఆ కంప్యూటరు నన్ను అడిగింది: ఆర్క్‌ట్యూరస్ ఎక్కడుందో చూపించు.

అంటే నాలుగు వేల వస్తువుల చోట్లు కడుపులో పెట్టుకున్న ఆ యంత్రానికి, తను ఎటు తిరిగి నిలబడిందో తెలియదు. ఎవరో ఒకరు రెండు చుక్కలు పేరు పెట్టి, వేలు పెట్టి చూపించాలి. అప్పుడు గానీ మిగతా లెక్క కట్టుకోలేదు. "అన్నీ అదే చూసుకుంటుంది" అని అమ్మినదానికి ముందు మనమే దారి చూపించాలి. ఎవరు ఎవరి సాయంతో వాడుతున్నట్టు?

ఆర్క్‌ట్యూరస్ ఏమిటా అని వెతికితే అది మన స్వాతి! నా జన్మనక్షత్రం. నలభై దాటిన దాకా ప్రతి పూజలో నా పేరుతో పాటు దాని పేరు చెప్పించుకున్నాను, ఒక్కసారీ తలెత్తి చూడలేదు. ఇంట్లో అందరి నక్షత్రాలూ పాదాలతో సహా నోటికొచ్చు మనకి. ఆకాశంలో ఒక్కటి చూపించమంటే నోరెళ్ళబెడతాం. సిగ్గేసింది.

అప్పటికి మా అత్తయ్యగారు మెట్లెక్కి వచ్చారు. "రాత్రి తొమ్మిదింటికి ఒక్కదానివే డాబా మీద ఏం చేస్తున్నావు అమ్మాయ్?" అని అడగడానికే వచ్చారు. ఈ ప్రశ్న మీలో ఎంతమందికి పరిచయమో నాకు తెలుసు. మగపిల్లలు అర్ధరాత్రి దాకా డాబా మీద ఫోన్లు చూసుకున్నా ఎవరూ అడగరు. "స్వాతిని వెతుకుతున్నాను అత్తయ్యా, ముందు సప్తర్షులు దొరకాలి" అన్నాను. ఆవిడ పిట్టగోడ పట్టుకుని ఉత్తరం వైపు తిరిగి అర నిమిషంలో, "అవిగో" అన్నారు. ఏ యాప్ లేదు. చిన్నప్పుడు ఆరుబయట మంచాల మీద నేర్చుకున్నదట. ఆ గరిటె కాడ వంపునే సాగదీస్తూ తూర్పుకి వస్తే నారింజ రంగు చుక్క, అదే స్వాతి. అదే వంపు ఇంకా కిందికి పోతే నీలంగా తెల్లగా చిత్త. చిత్త మా అత్తయ్యగారి నక్షత్రం.

ఒకటి నాది, ఒకటి ఆవిడది. రెండూ మధ్యకి తెచ్చి బటన్ నొక్కితే రిమోట్ మీద "సక్సెస్" అని వచ్చింది. అత్తా కోడలూ ఒక మాట మీదకి వస్తే గానీ దానికి దారి తెలియలేదు!

నేను మొదట అడిగింది వసిష్ఠుడిని. మోటారు రొద చేసుకుంటూ తనంతట తనే వెళ్ళి ఆగింది. పెళ్ళిలో మిట్టమధ్యాహ్నం పురోహితుడు వేలు చూపించి, "అరుంధతి కనిపించిందా?" అంటే, "కనిపించింది" అని నేను ఆడిన అబద్ధానికి ఇరవై రెండేళ్ళు. ఆ రాత్రి నిజంగా చూశాను. ఒక పక్కన అరుంధతి. ఇంకో వింత ఏమిటంటే, కంటికి ఒక్కడుగా కనిపించే వసిష్ఠుడు గొట్టంలో రెండు చుక్కలు. అత్తయ్యగారు స్టూలు మీద కూర్చుని చాలాసేపు చూసి, "మాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదే" అన్నారు. ఆ మాటలో ఎంత బాధ ఉందో నాకు తెలుసు. ఆవిడ ఎనిమిదో తరగతితో ఆగిపోయిన మనిషి.

కంప్యూటరు వద్దని నేను అనడం లేదు. మన ఊళ్ళ వీధిదీపాల వెలుగులో మసక గెలాక్సీని చేత్తో వెతకడం కష్టం, అక్కడ అది దేవుడే. ఈమధ్య కెమెరాతో చుక్కల్ని తనే గుర్తుపట్టి సర్దుకునే టెలిస్కోపులూ వచ్చాయి. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి, టైము లేనివాళ్ళకి మంచివే. నా గొడవ యంత్రంతో కాదు. "అది చూసుకుంటుంది, నీకు తెలియక్కర్లేదు" అనే మాటతో. ఆ మాట మనకి బ్యాంకు పాసుపుస్తకం దగ్గర చెప్పారు, ఇంటి కాగితాల దగ్గర చెప్పారు. సుఖంగా ఉంటుందని ఒప్పుకున్నాం. మనకి తెలియనిది ఏదైనా మన ఇంట్లో ఉన్నా మనది కాదు. అటక మీద ఉన్నట్టే.

స్వాతి వెలుగు మన దగ్గరికి రావడానికి 37 ఏళ్ళు పడుతుంది. ఆ రాత్రి నా కంట్లో పడ్డ వెలుగు బయల్దేరినప్పుడు నేను మూడో తరగతి. అది అంత దూరం వచ్చింది, నేను రెండంతస్తులు మెట్లెక్కలేకపోయాను ఇన్నాళ్ళూ.

అందుకని మీకో పని చెప్తాను. టెలిస్కోపు అక్కర్లేదు. రోహిణి, ఆర్ద్ర, పునర్వసు, మఖ, చిత్త, స్వాతి, జ్యేష్ఠ, శ్రవణం, వీటిలో మీదో మీ ఇంట్లోవాళ్ళదో ఒకటి ఉంటుంది. ఇవన్నీ ఊళ్ళో వెలుగులో కూడా మామూలు కంటికి కనిపించేవే. ఏ నెలలో ఏ పక్కన ఉంటుందో తెలుసుకుని, మీ నక్షత్రాన్ని మీరే పట్టుకోండి. డాబా మీద ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే వాళ్ళనీ పైకి రమ్మనండి.

ఇక కొట్లో ఎవరైనా "మీరు కూడా వాడొచ్చు మేడమ్" అంటే నాలాగా నవ్వి ఊరుకోకండి. "బాబూ, నీ నక్షత్రం ఏది? ఆకాశంలో ఎక్కడుందో చూపించు" అని అడగండి. చూపిస్తే అక్కడే కొనండి. లేకపోతే అతనికి కూడా నేర్పించి రండి.