పొలం అమ్మించేవాడికి పాఠం అక్కర్లేదా?

మిరపతోటకు పురుగుమందు అమ్మే దుకాణదారుకు తగిన అర్హత వుండాలి. జీవితబీమా పాలసీ కట్టించే ఏజెంటు పరీక్ష పాసు కావాలి. ట్రాక్టరు తోలే కుర్రవాడు అధికారి ఎదుట బండి నడిపి చూపించాలి. కాని ఆ మిరపతోటనే ఒకరి చేతిలోనుంచి మరొకరి చేతికి మార్పించే మధ్యవర్తికి మాత్రం ఏ చదువూ అక్కర్లేదు, ఏ పరీక్షా అక్కర్లేదు. నలుగురు మనుషులు తెలిసి, నాలుగు మాటలు చెప్పగలిగి, జేబులో సెల్‌ఫోన్ వుంటే చాలు.

గుంటూరు జిల్లాలో ఈ సంగతి తెలియని వూరు లేదు. 2015లో రాజధాని నిర్మాణం కోసం తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి ప్రాంతాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూసమీకరణకు ఇచ్చారు. భూమి ధర పెరిగింది, దానితోపాటు మధ్యవర్తులూ పెరిగారు. 2019 తరువాత పనులు నిలిచి బేరాలు పడిపోతే వారిలో చాలామంది కనిపించకుండా పోయారు. 2024లో మళ్లీ కదలిక రాగానే టీకొట్టు బల్లల మీద మళ్లీ సర్వే నంబర్లే వినిపించాయి. నిన్నటిదాకా వేరే పని చేసుకున్నవాడు నేడు భూముల బేరాలు చెబుతున్నాడు. బ్రతుకుతెరువు మార్చుకోవడం తప్పు కాదు. తప్పల్లా ఎక్కడుందంటే, ఆ మార్పుకు మధ్య నేర్చుకునే కాలం అనేది ఒక్కరోజు కూడా లేకపోవడంలో వుంది. అసలు ఒక మనిషి భూముల ఏజెంటు కావడానికి ఎంతకాలం పట్టాలి?

చట్టం చెప్పేదేమిటి?

చట్టం లేదని అనడానికి వీల్లేదు. స్థిరాస్తి వ్యాపారాన్ని క్రమబద్ధం చేయడానికి పార్లమెంటు 2016లో ఒక చట్టం చేసింది. దాన్నే ‘రెరా’ అంటున్నారు. 2017 మే 1 నుంచి అది పూర్తిగా అమలులోకి వచ్చింది. బ్రోకరు, దళారి, మధ్యవర్తి, ప్రాపర్టీ డీలరు - ఏ పేరుతో పిలిచినా కమీషను తీసుకుని ప్లాటు, ఫ్లాటు అమ్మించే ప్రతివాడూ ఆ చట్టం దృష్టిలో ఏజెంటే. రిజిస్ట్రేషన్ లేకుండా రెరా కింద నమోదైన వెంచర్లలో అమ్మకాలు చేయించడం నేరం. అలా చేసినవారికి రోజుకు 10 వేల రూపాయల వంతున, ఆ ప్లాటు ధరలో 5 శాతం వరకు జరిమానా వేయవచ్చు.

మరి ఆ రిజిస్ట్రేషన్‌కు ఏం కావాలి? దరఖాస్తు ఫారం నింపాలి. ఫొటో, పాన్‌కార్డు, చిరునామా రుజువు, ఆదాయపు పన్ను కాగితాలు వంటివి జతచేయాలి. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం వ్యక్తి అయితే 10 వేలు, సంస్థ అయితే 50 వేల రూపాయలు రుసుము కట్టాలి. 30 రోజులలో రెరా కార్యాలయం ఏ సంగతీ తేల్చాలి. ఆ గడువులోగా ఇచ్చామని గాని, లేదని గాని జవాబు రాకపోతే ఇచ్చినట్లే లెక్క. ఒకసారి వచ్చిన రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది.

అంటే చట్టప్రకారం ఏజెంటు కావడానికి పట్టే కాలం ముప్ఫయి రోజులు. అయితే ఆ ముప్ఫయి రోజులు ఎవరివి? అది కార్యాలయం కాగితాలు చూసుకునే గడువు. దరఖాస్తు పెట్టినవాడు ఆ నెల రోజులూ నేర్చుకోవలసినది ఏమీ లేదు. సర్టిఫికెట్ వచ్చిన నాడు అతనికి తెలిసినది, దరఖాస్తు పెట్టిన నాడు తెలిసినదానికంటె ఒక్క అక్షరం ఎక్కువ కాదు.

డ్రైవింగ్ లైసెన్సుకూ ముప్ఫయి రోజుల నియమం వుంది. ఎల్.ఎల్.ఆర్. తీసుకున్నాక కనీసం 30 రోజులు ఆగాలి, ఆపైన పరీక్షకు వెళ్లాలి. ఆ రోజులు నేర్చుకునేవాడివి. ఆ తరువాత బండి నడపడం రాకపోతే లైసెన్సు ఇవ్వరు. భూమి విషయంలో మాత్రం గడువు మిగిలింది, పాఠమూ పరీక్షా మాయమైనవి.

ఎరువుల కొట్టుకున్నపాటి నియమం లేదు

ఎరువులు, పురుగుమందులు అమ్మే డీలర్లకోసం హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని ‘మేనేజ్’ సంస్థ 2003లో ‘దేశి’ అనే డిప్లొమా ప్రారంభించింది. అది 48 వారాల చదువు. అందులో 40 తరగతులు, 8 క్షేత్ర సందర్శనలు. కొట్టు నడుపుకుంటూనే వారానికొక రోజు వెళ్లి చదువుకోవచ్చు. తప్పుడు మందు సలహా ఇస్తే ఒక పంట పోతుంది, కాబట్టి సలహా ఇచ్చేవాడికి చదువు వుండాలన్నది దాని వెనుక ఆలోచన. ఎంతో సబబైన ఆలోచన. మరి తప్పుడు భూమి కొనిపిస్తే పోయేది ఒక పంట కాదు. తాత సంపాదించినది, మనుమడికి మిగలవలసినది మొత్తం పోతుంది.

ఇతర చోట్ల ఈ సంగతి గుర్తించారు. మహారాష్ట్ర రెరా సంస్థ 2023లో ఏజెంట్లకు 20 గంటల శిక్షణ, దానిపై పరీక్ష తప్పనిసరి చేసింది. మన జిల్లానుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడ్డ కుటుంబాలను అడిగినా తెలుస్తుంది. టెక్సాస్ రాష్ట్రంలో ఇళ్లు అమ్మించే ఏజెంటు 180 గంటల పాఠాలు పూర్తిచేసి, పరీక్ష పాసయ్యాక కూడా, లైసెన్సున్న ఒక పెద్ద బ్రోకరు కిందనే పని చేయాలి. అక్కడి పద్ధతులన్నీ ఇక్కడ పనికిరావాలని లేదు. కాని మహారాష్ట్రలో సాధ్యమైనది మన దగ్గర ఎందుకు సాధ్యం కాదు?

మోసం కంటె అజ్ఞానమే ఎక్కువ

మధ్యవర్తులందరూ మోసగాళ్లని ఎవరూ అనరు, అనకూడదు. ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి, మాట తేడా రాకుండా, బయానా నుంచి రిజిస్ట్రేషన్ దాకా వెంట తిరిగే పెద్దమనుషులు ప్రతి వూళ్లోనూ వున్నారు. చిక్కు ఎక్కడ వస్తోందంటే, మంచి మనసుతో చెప్పిన తెలియనిమాట కూడా కొంపలు ముంచుతుంది.

ఒక రైతు కూతురి పెళ్లికోసమో, పిల్లవాడి చదువుకోసమో పట్నం పక్కన రెండు ప్లాట్లు కొని పెట్టుకుందామనుకుంటాడు. మధ్యవర్తి ఈసీ తీయించి, “అంతా క్లియరుగా వుంది బాబాయ్, నాదీ పూచీ” అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమేనని అతనికి తెలియదు. రిజిస్టరు కాని వీలునామా, నోటిమాటగా జరిగిన పంపకం, వాటా అడగని అక్కచెల్లెళ్ల హక్కు అందులో కనిపించవు. కొన్న మూడేళ్లకు ఎవరో వచ్చి కోర్టులో దావా వేస్తారు. కమీషను తీసుకున్న మధ్యవర్తి అప్పుడు నీళ్లు నములుతాడు.

మరొక చోట అమ్మినది 22-ఏ నిషేధిత జాబితాలో వున్న భూమి అవుతుంది. ఇంకొక చోట అది అసైన్డ్ భూమి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూముల బదిలీని నిషేధిస్తూ 1977లోనే చట్టం వచ్చింది. తరువాత సవరణలు వచ్చిన మాట నిజమే అయినా, ఏ భూమికి ఏ సవరణ వర్తిస్తుందో చూసుకోకుండా బయానా ఇస్తే ఆ డబ్బు గాలిలో దీపమే. వేరొక చోట నాలుగు రాళ్లు పాతి, ఎర్రమట్టి రోడ్డు పోసి, రంగుల కాగితం మీద పార్కు బొమ్మ వేసిన స్థలానికి లేఅవుట్ అనుమతే వుండదు. ఇల్లు కట్టుకోబోతే ప్లాను మంజూరు కాదు.

ప్రమోటరు రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని రెరా చట్టంలో స్పష్టంగా వుంది. ఈ ఒక్క ముక్క తెలిసిన ఏజెంటు ఎంతమంది కష్టార్జితాన్ని కాపాడవచ్చో ఆలోచించాలి. తెలియని ఏజెంటు మాత్రం “సగం కట్టేస్తే రేటు తగ్గిస్తారు” అని తొందరపెడతాడు.

చట్టానికి అందని పల్లె బేరం

ఇందులో మరొక మెలిక వుంది. రెరా చట్టం వర్తించేది 500 చదరపు మీటర్లకు, అంటే సుమారు పన్నెండు సెంట్లకు మించిన వెంచర్లకు, ఎనిమిదికి మించి ఫ్లాట్లున్న భవనాలకు. ఒక రైతు తన ఎకరం పొలాన్ని సేద్యంకోసం మరొక రైతుకు అమ్మితే ఆ బేరం దాని కిందకు రాదు. అది కుదిర్చిన మధ్యవర్తికి రిజిస్ట్రేషన్ అవసరమూ లేదు. పల్లెల్లో జరిగే బేరాలలో ఇటువంటివి ఎన్నో. అంటే రాష్ట్రంలో ఏజెంటు కావడానికి పట్టే కాలం పట్నంలో ముప్ఫయి రోజులు, పల్లెలో ముప్ఫయి నిమిషాలు కూడా కాదు!

అదే ఎకరాన్ని కొన్నవాడు ముక్కలు చేసి ప్లాట్లుగా అమ్మడం మొదలుపెడితే అప్పుడు చట్టం వర్తిస్తుంది. నిన్న పొలం బేరం చెప్పిన మధ్యవర్తే నేడు ఆ ప్లాట్ల బేరమూ చెబుతాడు. తాను గీత దాటిన సంగతి అతనికి తెలియదు. కొనేవాడికి అంతకన్నా తెలియదు. “పొలం ప్లాట్లు, వాటికి రెరా అక్కర్లేదు” అనే మాట చెలామణి అయ్యేది ఇక్కడనే.

పరీక్ష పెడితే పొట్ట కొట్టినట్లా?

శిక్షణ మాట ఎత్తగానే ఒక అభ్యంతరం వస్తుంది. ముప్ఫయి ఏళ్లుగా ప్రతి గట్టూ, ప్రతి డొంకా తెలిసిన పెద్దమనిషిని ఇప్పుడు బడికి పొమ్మంటే ఎలా? చదువురానివాడి పొట్ట కొట్టినట్లు కాదా? ఈ ప్రశ్నను తోసిపుచ్చడానికి వీలు లేదు. పల్లె మధ్యవర్తికి వున్న తెలివి ఏ పుస్తకంలోనూ దొరకదు. ఏ పొలానికి కాలువ నీరు చివరకు వస్తుందో, ఏ అన్నదమ్ముల మధ్య తగువు నివురు కప్పి వుందో అతనికే తెలుసు.

అందుకే శిక్షణ తెలుగులో వుండాలి. మండల కేంద్రంలో వుండాలి. చదవలేనివారికి నోటిమాటతో పరీక్ష పెట్టాలి. ఇరవై గంటలంటే పొలంపనిలో మూడు రోజుల కూలి. ఈసీ చూడడం, అడంగల్, 1-బి చదవడం, 22-ఏ జాబితా వెతకడం, లేఅవుట్ అనుమతి గుర్తుపట్టడం, వారసుల సంతకాలు అడగడం - ఈ ఐదూ నేర్పితే చాలు. అనుభవమున్న మధ్యవర్తికి దీనివల్ల నష్టం లేదు. పైగా నిన్నగాక మొన్న ఫోను పట్టుకుని దిగినవాడికీ తనకూ తేడా జనానికి తెలుస్తుంది. అసలు నష్టం ఎవరికంటే, ఏమీ తెలియకుండానే రెండు శాతం కమీషను అడిగేవాడికి.

చేయవలసినది

రాష్ట్ర ప్రభుత్వం, రెరా సంస్థ ఇకనైనా ఈ విషయమై ఆలోచించాలి. కొత్తగా రిజిస్ట్రేషన్ కోరేవారికి, ఐదేళ్ల గడువు ముగిసి పొడిగింపు కోరేవారికి శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేయాలి. రిజిస్టరైన ఏజెంట్ల పేర్లు, నంబర్లు ప్రతి సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం గోడమీద, గ్రామ సచివాలయంలో అంటించాలి. వెబ్‌సైటులో వున్నవి అనడం సరిపోదు. బయానా ఇచ్చే చేయి వెబ్‌సైటు దాకా వెళ్లదు, గోడ దగ్గరకు మాత్రం వెళ్తుంది. వ్యవసాయ భూముల మధ్యవర్తులను కూడా కనీసం పేరు నమోదు చేయించుకునే పద్ధతిలోకి తేవాలి.

అది జరిగేదాకా గ్రామస్థులు చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. వెంచరులో ప్లాటు చూపించే ఏజెంటును, “నీ రెరా నంబరెంత?” అని అడగాలి. తాను కుదిర్చే ప్రతి అమ్మకంలో ఆ నంబరు చెప్పడం అతని బాధ్యత అని చట్టమే అంటోంది. వెంచరు నంబరు విడిగా అడగాలి. కాగితాలన్నీ కొనేవాడికి అందేలా చూడడమూ ఏజెంటు విధే. మోసపోయినవారు ప్రమోటరు మీదనే కాదు, ఏజెంటు మీద కూడా రెరాకు ఫిర్యాదు చేయవచ్చు. తప్పు రుజువైతే రిజిస్ట్రేషన్ రద్దు చేయవచ్చు.

అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటమే అన్నిటికంటె పెద్ద శత్రువు. సంతలో ఎద్దును కొనేటప్పుడు పళ్లు లెక్కపెట్టి, పది అడుగులు నడిపించి గాని బయానా ఇవ్వని రైతు, ఎద్దుకంటె వందరెట్లు విలువైన భూమి దగ్గర మాత్రం “మనవాడే కదా” అని సంతకం పెట్టేస్తున్నాడు. ఎద్దు దగ్గర చూపిన జాగ్రత్త ఏజెంటు దగ్గరా చూపితే, ప్రభుత్వం పరీక్ష పెట్టినా పెట్టకపోయినా పల్లెజనం పరీక్ష పెట్టినట్లే అవుతుంది.