అనుమానానికి శిక్షా?

కళ్ళారా చూసినోడు లేని హత్య కేసయితే పోలీసు జీపు ముందు వచ్చేది మన పేటకే. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ చదివే అమ్మాయిని చంపారు. 2008లో ఒక దళిత కుర్రాణ్ణి పట్టుకొచ్చి హంతకుడన్నారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లే ‘ఇతను కాదు’ అంది. వినేదెవరు? 2010లో విజయవాడ మహిళా కోర్టు 14 ఏళ్ళు వేసింది. అప్పీలులో 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని వదిలేసి, లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది. ఎనిమిదేళ్ళ పైచిలుకు జైలుకి లక్ష!

పరిస్థితుల సాక్ష్యం గొలుసులాంటిది. ప్రతి లంకె రుజువు కావాలి, ఇంకొకడు చేసుండొచ్చనే సందు మిగలకూడదు, అనుమానం ఎంత గట్టిదైనా రుజువు కాదని సుప్రీంకోర్టు 1984లోనే శరద్ సార్దా కేసులో తేల్చింది. కింది కోర్టులో ఇది గట్టిగా అడిగే ప్లీడరు మనవాళ్ళకి దొరకడు, అసలు గొడవంతా అక్కడే.

అందుకే చెబుతున్నాం, డబ్బుల్లేవని ఇంట్లో కూచోవద్దు. సెషన్స్ కోర్టు శిక్ష వేసిన 60 రోజుల్లో, ఉరిశిక్షయితే 30 రోజుల్లో, హైకోర్టుకి అప్పీలు వెయ్యాలి. ఎస్సీ, ఎస్టీలకి ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 న్యాయసేవల చట్టం ఉంది. లోపలున్నోడు జైలు సూపరింటెండెంటు చేతికిచ్చినా అప్పీలు వెళుతుంది. గడువు దాటితే ఆలస్యానికి కారణం రాసి వెయ్యండి.