అభియోగము నెత్తివేయు నధికార మెవరిది?

దెందులూరు, పెదవేగి, భీమడోలు ప్రాంతముల రైతునకు కోర్టు వ్యవహారము క్రొత్త గాదు. గట్టు తగాదాయో, చేపలచెరువు నీటి తగాదాయో మాటామాటా పెరిగి చేయి చేసికొనువరకు వచ్చినచో పోలీసువారు కేసు పెట్టుదురు. ముద్దాయి వాయిదా వాయిదాకు భీమడోలునకో ఏలూరునకో తిరుగును, ఫిర్యాదియు తిరుగును. పనిదినములు పోవును, వకీలు ఫీజులు పోవును, ఏండ్లు గడచిన పిమ్మట తీర్పు వచ్చును. ఆ తీర్పు అనుకూలమైనను ప్రతికూలమైనను రైతు దానికి తల యొగ్గుచున్నాడు. ఏలయన, న్యాయాధికారి ఉభయుల సాక్ష్యమును విని తీర్పు చెప్పెనన్న నమ్మకము ఆతనికి గలదు. ఆ నమ్మకమే రాజ్యమునకు పునాది. ఆ పునాదిని త్రవ్వుచున్న ఆచార మొకటి మన రాష్ట్రమున, ఏ పక్షము గద్దె నెక్కినను, సాగుచునే యున్నది. విచారణలో నున్న క్రిమినలు కేసులను సచివాలయపు ఉత్తర్వుతో ఎత్తివేయించు ఆచారమే అది. దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పుట మా విధి.

మొదట చట్ట మేమి చెప్పుచున్నదో చూతము. అభియోగమును ఉపసంహరించు అధికారము ఆంగ్లేయుల నాటి 1898 క్రిమినలు ప్రొసీజరు కోడులో 494వ సెక్షనుగా నుండెను. 1973 కోడులో అది 321వ సెక్షనాయెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 360వ సెక్షనై యున్నది. అంకెలు మారినవి గాని మూలసూత్రము మారలేదు. కేసు నడుపుచున్న పబ్లిక్ ప్రాసిక్యూటరు, తీర్పు వెలువడుటకు ముందు ఎప్పుడైనను, కోర్టు సమ్మతితో అభియోగమును విరమింపవచ్చును. కొన్ని తరగతుల కేసులలో కేంద్ర ప్రభుత్వపు అనుమతి కావలెనన్న నియమము గలదు. అంతకు మించి రాష్ట్ర మంత్రుల ప్రసక్తి గాని, హోంశాఖ ప్రసక్తి గాని, జి.ఓ. ప్రసక్తి గాని అందు లేదు. నిర్ణయము ప్రాసిక్యూటరుది, సమ్మతి కోర్టుది.

ఈ విరమణ ఫలితము స్వల్పమైనది గాదు. ఛార్జి వ్రాయుటకు ముందు విరమించినచో ముద్దాయి వదలివేయబడును. ఛార్జి వ్రాసిన పిమ్మట విరమించినచో నిర్దోషిగా విడుదల యగును. సాక్షి నోరు విప్పకుండగనే ముద్దాయి నిర్దోషి! పిమ్మట ఆ నేరమునకే ఆతనిని మరల విచారింప వీలు లేదు.

ఆచరణలో జరుగుచున్నదేమి? ముద్దాయికి పలుకుబడి గలదు. ఆతడు నాయకుని కడకు పోవును. నాయకుడు అర్జీని మంత్రి కడకు పంపును. హోంశాఖ పోలీసుల నుండి నివేదిక తెప్పించుకొనును. తుదకు ఫలానా కేసును ఉపసంహరించుటకు చర్య గైకొనవలసినదని ఉత్తర్వు వెలువడును. అది చేతబట్టుకొని ప్రాసిక్యూటరు కోర్టులో పిటిషను దాఖలు చేయును. ఆతనిని నియమించినది ప్రభుత్వమే. ఆతని పదవి నిలుచుటయు పోవుటయు ప్రభుత్వము చేతిలోనిదే. ఆతడు కాదని యెట్లనగలడు? చట్టము ఆతనిని నిర్ణేతగా జేసెను. ఆచారము ఆతనిని తపాలా బంట్రోతుగా జేసినది.

ఇది మేము కల్పించి చెప్పుమాట గాదు. లంచము కేసులో విచారణ నెదుర్కొనుచున్న ఒక పోలీసు సబ్-ఇనస్పెక్టరుపై అభియోగమును విరమింపవలెనని ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము తలచెను. ఆతడు ఉద్యోగమున మంచి సేవ చేసెనన్నది చూపిన కారణము. అవినీతి నిరోధక కేసుల ప్రత్యేక న్యాయస్థానము సమ్మతింపలేదు, హైకోర్టు సమ్మతింపలేదు. 2014లో సుప్రీము కోర్టును ఆ తీర్పునే స్థిరపరచెను. ప్రాసిక్యూటరు తన బుద్ధి నుపయోగించి, ఏ ఆధారములను పరిశీలించెనో కోర్టునకు చెప్పవలెనే గాని ప్రభుత్వమునకు పోస్టాఫీసువలె వర్తింపరాదని ఆ తీర్పు తాత్పర్యము. మన రాష్ట్రమునుండి పోయిన కేసులో వచ్చిన ఈ మాటను మన హోంశాఖవారు గోడపై వ్రాసికొనవలసి యుండెను.

మా ప్రాంతమునకే వత్తము. 2015 జూలైలో తమ్మిలేటి ఇసుక త్రవ్వకమును ఆపబోయిన ముసునూరు మహిళా తహశీలుదారుపై దాడి జరిగెనని ఫిర్యాదు వచ్చెను. నాటి దెందులూరు శాసనసభ్యునిపైనను, ఆయన అనుచరులపైనను ఆరోపణ. ఎవరిది దోషమో చెప్పుట మా పని గాదు. అది కోర్టు పని. మేము చెప్పదలచినది వేరు. రెవెన్యూ ఉద్యోగులు ఆందోళనకు దిగిరి, వ్యవహారము ముఖ్యమంత్రి సమక్షమునకు చేరెను, అధికారిచే విచారణ జరిపింతుమను మాటలు సాగెను. చర్చ యంతయు ఏలూరు కోర్టు వైపు గాక రాజధాని వైపు మరలెను. పోలీసు స్టేషనులో నమోదైన ఫిర్యాదు సక్రమముగ కోర్టునకు పోవునన్న ధైర్యము మండలాధికారికే లేనప్పుడు కొల్లేటి లంకలోని చేపలు పట్టువానికి ఎచ్చట నుండి వచ్చును?

ఈ ఆచారము వలన కేసుకు కాలపరిమితి ఎన్నికలే యగుచున్నవి. 2016 జనవరి 31న తునిలో కాపు రిజర్వేషను సభ జరిగిన దినముననే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్సు తగులబడెను. అప్పటి ప్రభుత్వము కేసులు పెట్టెను. 2019లో ప్రభుత్వము మారెను. క్రొత్త ప్రభుత్వము ఆ ఉద్యమ సంబంధమైన కేసుల ఉపసంహరణకు ఉత్తర్వు లిచ్చెను. రైల్వే కేసు మిగిలెను. 2023 మే నెలలో విజయవాడ రైల్వే కోర్టు ముద్దాయిలను నిర్దోషులుగా విడుదల చేసెను. 2024లో ప్రభుత్వము మరల మారెను. 2025 జూనులో ఆ తీర్పుపై అప్పీలు చేయుటకు ఉత్తర్వు వెలువడెను. విమర్శ రేగినంతనే అది రద్దాయెను. సాక్ష్యము మారలేదు, చట్టము మారలేదు, ప్రభుత్వములే మారినవి. రైలును తగులబెట్టిన వాడెవడో నేటికిని తేలలేదు. నిరపరాధులు ఏండ్ల తరబడి వాయిదాలకు తిరిగిరి. ఇందు గెలిచిన వారెవరు?

దీనికి ప్రత్యుత్తరముగ కొందరు ఒక న్యాయమైన మాట చెప్పుదురు. ప్రభుత్వము ప్రజలెన్నుకొన్నది గదా, ప్రజోద్యమములపై పెట్టిన కేసులను శాంతి కొరకు ఎత్తివేయుట దోషమా యని. దోషము గాదు. 1931 మార్చి 5వ తేదీ గాంధీ-ఇర్విన్ ఒడంబడికలో సత్యాగ్రహోద్యమమునకు సంబంధించిన పెండింగు అభియోగములను విరమించుటకు నాటి పరప్రభుత్వమే అంగీకరించెను. 1977లో జనతా ప్రభుత్వము వచ్చిన పిమ్మట జార్జి ఫెర్నాండెజు మొదలగువారిపై నడచిన బరోడా డైనమైటు కేసును విరమించిరి; 1980లో సుప్రీము కోర్టు దానిని సమర్థించెను. ప్రజాహితమను కారణము విశాలమైనదని మేమును ఒప్పుకొందుము.

అయితే 1931 నాటి ఒడంబడికను జాగ్రత్తగా చూడవలెను. అది వ్యక్తుల పేరులు చూచి చేసినది గాదు. ఒక తరగతి కేసులన్నిటికి చేసినది. హింసతో గూడిన నేరములను మినహాయించినది. లోకమంతయు చదువునట్లు ప్రకటింపబడినది. ఈ లక్షణములు నేటి ఉత్తర్వులకు గలవా? ఉద్యమము పేర రాళ్లు రువ్విన వానికిని, ఊరక నిలుచున్న వానికిని ఒకే క్షమాభిక్ష. శాసనసభ్యునిపై వ్యక్తిగతముగ నున్న కేసునకును ప్రజాహితమను అదే ముసుగు. ఇది క్షమ గాదు, పక్షపాతము.

అభియోగము విషయమున మంత్రివర్గములు చేయి పెట్టుట ఎంత ప్రమాదమో ఇంగ్లండు చరిత్ర చెప్పుచున్నది. 1924లో సైనికులు కార్మికులపై కాల్పులు జరుపరాదని ప్రబోధించిన వర్కర్స్ వీక్లీ పత్రిక సంపాదకుడు క్యాంప్‌బెల్‌పై పెట్టిన కేసును అటార్నీ జనరలు విరమించెను. మంత్రివర్గపు ఒత్తిడి వలననే విరమించెనని కామన్సు సభలో గొడవ రేగెను. రామ్సే మాక్‌డొనాల్డు ప్రభుత్వము ఆ ఓటులో ఓడి ఎన్నికలకు పోయి పదవి గోల్పోయెను. అచ్చట ఒక్క కేసు ఉపసంహరణకు ప్రభుత్వమే కూలినది. ఇచ్చట పెక్కు కేసులు పోయినను శాసనసభలో ప్రశ్న వేయువారు అరుదు. నేడు అడుగవలసినవాడు నిన్న అట్టి ఉత్తర్వునే ఇచ్చి యుండుట దానికి కారణము కాబోలు.

న్యాయస్థానములు కొంత కట్టుదిట్టము చేసినవి. పార్లమెంటు, శాసనసభల సభ్యులపైనను, మాజీ సభ్యులపైనను గల కేసులను హైకోర్టు అనుమతి లేనిదే ఉపసంహరింపరాదని 2021 ఆగస్టు 10న సుప్రీము కోర్టు ఆదేశించెను. క్రొత్త సంహితలో మరియొక మేలు గలదు: బాధితునికి చెప్పుకొను అవకాశ మీయక ఏ కోర్టును ఉపసంహరణకు సమ్మతింపరాదు. ఇవి మంచివే, కాని చాలవు. శాసనసభ్యునికి హైకోర్టు అడ్డుగోడ యున్నది. ఆయన అనుచరునికి లేదు. బాధితుని వినవలెనని చట్టమున్నను, ముద్దాయి ఊరి పెద్దయై, బాధితుడు ఆతని పొలములో కౌలుదారైనప్పుడు అభ్యంతరము లేదని వ్రాయించుకొనుట ఎంత పని? కంచెయే చేను మేసినచో చేను ఎవరితో మొరపెట్టుకొనును?

కావున మేము కోరునవి నాలుగు. ఉపసంహరణ ఉత్తర్వు ప్రతిదానిని కారణములతో సహా ప్రకటించి శాసనసభ ముందుంచవలెను. కేసు తరగతి యేదో, హింస గలదో లేదో అందు స్పష్టముగ వ్రాయవలెను. బాధితునికి తెలుగులో నోటీసు అందజేసి, న్యాయాధికారియే స్వయముగ ఆతని మాట వినవలెను. నాలుగవది అన్నిటికంటె ముఖ్యము: ప్రాసిక్యూటర్లకు నిర్ణీత పదవీకాల మిచ్చి, వారిని హోంశాఖ చేతినుండి తప్పింపవలెను. క్రొత్త సంహితలోను ప్రాసిక్యూషను డైరెక్టరును హోంశాఖ పాలనాధికారము క్రిందనే యుంచిరి. పోలీసులను నడుపు శాఖయే అభియోగములను నడుపువారిని గూడ శాసించినచో, కేసు పెట్టుటయు ఎత్తివేయుటయు ఒకే చేతి పనియగును.

రాజు తలచుకొన్నచో దెబ్బలకు కొదవా యని మన పెద్దలనిరి. రాజులు పోయిరి, దెబ్బలకు కొదవ లేకపోవుటతో బాటు దయకును కొదవ లేకుండుట నేడు చూచుచున్నాము. రెండును ఒక్క వ్యాధియే. పెట్టగూడని కేసును పెట్టించినవాడే ఎత్తగూడని కేసును ఎత్తించును. మన పాఠకులలో భూస్వాములు గలరు, వకీళ్లు గలరు, పార్టీ నాయకుల గడప తొక్కగల పెద్దలు గలరు. తమ వాని కేసు కొరకు ఆ గడప తొక్కుటకు ముందు వారొక్క మాట తలపవలెను: అయిదేండ్ల పిమ్మట అదే గడప నుండి ఎదుటివాడు అట్టి ఉత్తర్వునే చేతబట్టుకొని వెలువడును. అప్పుడు తమకు దిక్కు కోర్టే గదా! ఆ కోర్టు తలుపును నేడు తామే మూయుట తగునా?