షౌఖ్ వేరు, షోకు వేరు

ఉర్దూలో ‘షౌఖ్’ అనే మాట ఉన్నది. (లక్నో వారు ‘షౌక్’ అంటారు, మన దక్కనీ నోట అది షౌఖ్.) ఒక విషయం మీద మనసు లగ్నం కావడం, దానికోసం కాలాన్నీ శ్రమనూ సంతోషంగా వెచ్చించడం ఆ మాటకు అర్థం. అదే మాట తెలుగులోకి వచ్చి ‘షోకు’ అయ్యేసరికి అర్థం పలచబడింది. పైమెరుగు, నలుగురి కంట పడాలన్న తహతహ మాత్రమే మిగిలాయి. రెండు భాషలనూ ఒకే ప్రాంగణంలో చదువుకునే మన విద్యార్థులకు ఈ తేడాను విడమరచి చెప్పనక్కరలేదు. ఇళ్ళలో గాజుతొట్టెలు పెట్టి అతిపెద్ద క్యాట్‌ఫిష్‌లను పెంచే అలవాటు మన నగరాలలో కనబడుతున్న ఈ రోజులలో, అది షౌఖా, షోకా అన్న ప్రశ్నను ఈ పుటలలో లేవదీయడం అవసరమని మేము భావిస్తున్నాము.

క్యాట్‌ఫిష్ అన్నది మనకు కొత్త జాతి కాదు. మన చెరువులలోని జెల్లలు, వాలుగ, మార్పు, ఇంగిలికం ఆ కుటుంబానికి చెందినవే. ఒంటిమీద పొలుసులుండవు, నోటి చుట్టూ మీసాలుంటాయి. బురదనీటిలో కన్ను పనిచేయని చోట ఆ మీసాలే ఆహారాన్ని పసిగడతాయి. వాలుగ మీటరు పొడవును దాటి పెరుగుతుందని జాలరులకు తెలుసు. థాయిలాండులోని మెకాంగ్ నదిలో 2005లో పట్టుబడిన ఒక మహాకాయపు క్యాట్‌ఫిష్ 293 కిలోలు తూగింది. అంతటి దానిని ఇంటికి తెచ్చుకుందామని ఎవరూ అనుకోరు. కాని దాని దగ్గరి చుట్టం మన దుకాణాలలో మూడంగుళాల పొడవున, వెండిరంగులో మెరుస్తూ, ‘షార్క్’ అన్న పేరుతో అమ్ముడుపోతున్నది. అది సొరచేప కాదు, సొరచేపకు బంధువూ కాదు. కృష్ణా, గోదావరి జిల్లాల చెరువులలో రైతులు టన్నులకొద్దీ పెంచే పంగాసియస్ అదే. హోటళ్ళలో ముల్లు లేని ముక్కలుగా ‘బాసా’ అన్న పేరుతో పళ్ళెంలోకి వచ్చేదీ సాధారణంగా అదే. చెరువుగట్టున కిలోల లెక్కన తూచే చేపను అంగడిలో అలంకార వస్తువుగా మార్చినది ఆ పేరొక్కటే.

పుట్టిన చోట, అంటే మెకాంగ్, చావ్ ఫ్రయా నదులలో, అది గుంపులు గుంపులుగా వందలాది మైళ్ళు వలసపోయే చేప. నాలుగడుగులకు మించి పెరగగలదు. మహా పిరికిది. గదిలో దీపం వెలిగించినా, తొట్టె ముందు ఎవరైనా చటుక్కున కదలినా అదరిపడి అద్దానికి ఢీకొంటుంది, ముక్కు చిట్లుతుంది, గాయం పుండవుతుంది. చూడవచ్చినవారు దానిని చేప చలాకీతనమనుకుంటారు. ఇంకొక వింత కూడా చెప్పాలి. కోట్ల సంఖ్యలో పెంపకంలో ఉన్న ఈ చేప, తన సొంత నదులలో మాత్రం అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాకెక్కింది.

ఇక కుర్రకారుకు మరింత మోజు కలిగిస్తున్నది రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్. నల్లని వీపు, ప్రక్కన తెల్లని పట్టీ, కుంకుమ ముద్దవంటి తోక. అందమైనదే, కాదనము. అమెజాన్, ఒరినోకో నదులు దాని జన్మస్థానం. మన దుకాణాలకు వచ్చేవి చాలావరకు ఆగ్నేయాసియా పెంపకపు చెరువులలో హార్మోను సూదులతో గుడ్లు పెట్టించి పుట్టించినవి. అందుకే విద్యార్థి జేబు ఖర్చుకు కూడా అందుతున్నాయి. కొన్ననాడు రెండు మూడంగుళాలు. సరిగా మేపితే ఏడాది తిరిగేసరికి అడుగు దాటుతుంది. పూర్తిగా ఎదిగినది మూడు, నాలుగడుగులు. నదులలో నలభై కిలోలకు పైబడి తూగినవి ఉన్నాయి. పదిహేనేళ్ళు, అంతకు మించి కూడా బతుకుతుంది. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో కొన్న చేప డిగ్రీ పూర్తయ్యేనాటికి ఇంకా పడుచుదే. కొన్నవాడు ఉద్యోగం వెదుక్కుంటూ దుబాయికో జెద్దాకో పోతాడు. చేప ఇంటిలోనే ఉంటుంది. దానిని చూసే బాధ్యత అడగకుండానే తల్లి మీదనో, చెల్లెలి మీదనో పడుతుంది.

మత్స్యావతార కథ తెలియని తెలుగువారుండరు. సత్యవ్రతుని దోసిటిలోకి వచ్చిన చేపపిల్ల రక్షించమని అడిగింది. కమండలువులో ఉంచితే తెల్లవారేసరికి అది చాలలేదు. మరొక పాత్ర చాలలేదు, మడుగు చాలలేదు. చివరకు సముద్రానికి చేర్చవలసి వచ్చింది. ఈ కథకు వేదాంతార్థాలు ఎన్నైనా ఉండవచ్చు. చేపలు పెంచేవాడు దానిలో చూడవలసినది ఒక్కటే: పాత్ర చాలని ప్రతిసారీ ఆ రాజు పాత్రను మార్చాడే గాని, చేపను కుదించుకొమ్మని అనలేదు. మనవాళ్ళు చేపనే కుదించుకొమ్మంటున్నారు. “తొట్టె ఎంత ఉంటే చేప అంతే పెరుగుతుంది” అన్న మాట దుకాణాలలో తరచు వినబడుతుంది. ఇది అబద్ధం. చేప తన మొప్పల ద్వారా అమ్మోనియాను విడుస్తుంది. ఫిల్టరులో నివసించే బాక్టీరియా ఆ విషాన్ని నైట్రైటుగా, ఆపై నైట్రేటుగా మారుస్తాయి. నీరు తక్కువై చేప పెద్దదైతే ఈ పని సాగదు. చేప ఎదుగుదల కుంటుపడుతుంది, వెన్ను వంకర పోతుంది, పదిహేనేళ్ళు బతకవలసినది రెండు మూడేళ్ళకే చచ్చిపోతుంది. అప్పుడు కూడా దుకాణదారు మాట నిజమైనట్లే కనిపించడం విచారకరం. చేప తొట్టెను మించలేదు గదా!

ఏ గణిత విద్యార్థి అయినా వేయగల లెక్క ఒకటి ఇక్కడ వేసి చూద్దాము. సాధారణంగా ఇళ్ళలో పెద్ద అక్వేరియం అనిపించుకునేది నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటుంది. దానిలో పట్టే నీరు సుమారు 255 లీటర్లు. మూడడుగుల చేప దానిలో వెనుకకు తిరగనైనా తిరగలేదు. ఎదిగిన రెడ్‌టెయిల్ కాస్త ఈది, సుఖంగా మళ్ళడానికి పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల లోతు కావలెననుకుందాము. అది అత్యాశ కాదు, కనీసపు కోరిక. ఆ నీరు ఆరువేల లీటర్లకు పైగా అవుతుంది. బరువు ఆరు టన్నులు, గాజు కాక. మన నివాస గృహాల గదులను చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వినియోగ భారానికి కడతారు. ఈ తొట్టె మోపే భారం చదరపు మీటరుకు 900 కిలోలకు పైమాటే. మూడవ అంతస్తులో కాపురమున్నవారు, ముఖ్యంగా రెండవ అంతస్తులో కాపురమున్నవారు, ఈ అంకెను గమనింతురు గాక!

నీరు పోస్తే సరిపోదు, మార్చాలి. వారానికి నాలుగవ వంతు మార్చినా 1500 లీటర్లు. నగర నీటి సరఫరా పథకాలు మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన వేస్తారు. అంటే పదకొండు మందికి ఒకనాటి నీరు. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలతో వరుసకట్టే బస్తీలలో ఒక ఇంటి షోకుకు ఇంత నీరు పారబోయడం ఎంతవరకు న్యాయమో ఎవరికి వారే ఆలోచించుకోవాలి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు దీపాలకు, పంకాలకు సరిపోతే చాలనుకుంటాము. పెద్ద చేప ఉన్న తొట్టెలో గాలి ఆడించే పంపు కొన్ని గంటలు ఆగితే ప్రాణం మీదికి వస్తుంది.

మేత విషయంలో జరుగుతున్నది మరీ బాధాకరం. బతికిన చేపలను, కప్పలను, ఎలుకపిల్లలను తొట్టెలో వదలి, రెడ్‌టెయిల్ నోరు తెరచి మింగే దృశ్యాన్ని ఫోనులో చిత్రీకరించి పదిమందికి పంపడం కొందరికి వినోదమైంది. షౌఖ్ అన్న మాటను దీనికి వాడడానికి మాకు నోరు రాదు. ఆ చేపకు నిజంగా అవసరమైనవి రొయ్యలు, చేపముక్కలు, మునిగే గుళికల మేత. ఎదిగినదానికి వారానికి ఒకటి రెండుసార్లు పెడితే చాలు. బతికిన చేపలను వేస్తే వాటితోపాటు రోగాలూ వస్తాయి. నోటికి పట్టినదల్లా మింగే స్వభావం గనుక గులకరాళ్ళు, నీటిని వెచ్చబెట్టే గాజుగొట్టాలు సైతం దాని కడుపులోకి పోయిన సందర్భాలున్నాయి.

చేప పెద్దదై ఇల్లు చాలనప్పుడు ఏమి చేస్తున్నారు? చెరువులో వదిలేస్తున్నారు. పైగా అది పుణ్యకార్యమని, జీవికి స్వేచ్ఛ ప్రసాదించామని సంతృప్తి పడుతున్నారు. ఈ సందర్భంలో ధర్మబుద్ధి గల విద్యార్థి ఒకరు హదీసులలోని వృత్తాంతాన్ని గుర్తు చేయవచ్చు. ఒక స్త్రీ పిల్లిని కట్టివేసి, తిండి పెట్టకా, తానే వెదుక్కు తినేందుకు విడువకా చంపినందుకు శిక్ష పొందింది గదా, మరి విడిచిపెట్టడం మంచిదే కదా అని. మంచి ప్రశ్న. కాని ఆ పిల్లి విడిచిన చోటనే పుట్టి పెరిగినది. అక్కడ దాని ఆహారం దానికి నిర్ణయమై ఉన్నది. అమెజాన్ చేపకు మన చెరువు స్వస్థలం కాదు. అక్కడ అది ఆకలితోనో రోగంతోనో చావాలి. లేదా బతికి, స్థానికంగా ఉన్నవాటిని తినాలి. జీవాన్ని అమానతుగా స్వీకరించినవాడు దానిని దారిలో జారవిడిచి, అప్పగించానని చెప్పుకోరాదు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. తొట్టె అద్దాలకు పట్టిన పాచిని నాకుతుందని ‘సక్కర్’ పేరుతో అమ్మే కవచపు క్యాట్‌ఫిష్ దక్షిణ అమెరికాది. అంగుళం పిల్లగా వచ్చి అడుగున్నర దాకా పెరుగుతుంది. అలా పెరిగినవాటిని వదలగా వదలగా నేడు కృష్ణా నదిలో, తెలుగునాట అనేక చెరువులలో అది స్థిరపడిపోయింది. ఒంటినిండా ముళ్ళ కవచం ఉండటంతో వలలను చింపుతుంది. గట్లలో బొరియలు తవ్వుతుంది. తినడానికీ అమ్మడానికీ పనికిరాదని జాలరులు దానిని దెయ్యపు చేప అంటున్నారు. 2020లో వారణాసి దగ్గర గంగానదిలో కూడా అది పట్టుబడింది. ఒక వల ధర ఎంతో, అది చినిగిననాడు జాలరి ఇంట పొయ్యి వెలుగుతుందో లేదో చేపను వదలినవానికి తెలియదు. ఆఫ్రికా నుండి వచ్చిన మరొక పెద్ద క్యాట్‌ఫిష్‌ను కేంద్ర ప్రభుత్వం 2000లో నిషేధించినా, లాభాపేక్షతో దాని పెంపకం చాటుమాటుగా సాగుతూనే వచ్చింది. మన నాటు మార్పు చేప మాత్రం నేడు అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉన్నది.

“మాకు ఊరి బయట తోట ఉన్నది, చెరువు తవ్విస్తాము” అనేవారు కొందరుంటారు. గాజుతొట్టె కంటె అది నిస్సందేహంగా మేలు. అయితే 2018 ఆగస్టు వరదలలో కేరళలోని పెంపకపు చెరువులు పొంగి, అమెజాన్ నదికి చెందిన అరపైమా అనే భారీ చేపలు చాలక్కుడి నదిలోకి వచ్చిన సంగతిని వారు మరువరాదు. వరదనీరు చేరని ఎత్తున, పొంగినా కాలువలోకి పోని ఏర్పాటుతో, సిమెంటుతో కట్టిన కొలను ఉన్నవారు, రాబోయే పదిహేనేళ్ళకు నీటికీ కరెంటుకూ మనిషికీ పూచీ పడగలవారు రెడ్‌టెయిల్‌ను పెంచవచ్చు. అటువంటివారు మనలో ఎందరున్నారన్నది వేరే మాట.

ఇప్పటికే కొన్నవారి సంగతి ఏమిటి? ముందుగా దుకాణదారును అడగాలి. కొలను గలవారిని వెదకాలి. జంతు ప్రదర్శనశాలలు తీసుకుంటాయన్న ఆశ పెట్టుకోరాదు. ఇంగ్లండు, అమెరికా దేశాలలో ప్రజా అక్వేరియంలు ఇలాంటి చేపలను తీసుకుని తీసుకుని ఇక చాలునని తిరస్కరిస్తున్నాయి. ఏ దారీ లేనప్పుడు పశువైద్యుని పర్యవేక్షణలో, చేపలకు మత్తు కలిగించే లవంగ నూనె వంటి మందుతో బాధ లేకుండా ప్రాణం తీయించడం కఠినమైన మాటగా తోచవచ్చు. అయినా చెరువులో వదలడం కంటె, ఇరుకు తొట్టెలో వంకరపోనివ్వడం కంటె అదే దయ అని మా అభిప్రాయం. దుకాణదారులలో నిజాయితీపరులు లేకపోలేదు. ప్రతి తొట్టె మీద ధరతోపాటు, ఎదిగిన చేప పొడవును కూడా అంగుళాలలో వ్రాసి పెడితే సగం సమస్య గల్లా దగ్గరే తీరుతుంది. ఆ మాటను అడిగి తెలుసుకునే అలవాటు కొనేవారికీ ఉండాలి.

మీసాల చేపల మీద నిజమైన షౌఖ్ ఉన్నవారికి మన నీళ్ళలోనే జానెడు మించని చిన్న జెల్లలున్నాయి. నాలుగడుగుల తొట్టెలో అయిదారింటిని కలిపి పెంచవచ్చు. రాత్రి దీపం తగ్గించాక అవి ఇసుకను మీసాలతో తడుముతూ తిరగడం గంటసేపు కూర్చుని చూడదగినది. పగలు వచ్చే అతిథులకు అవి అంతగా కనిపించవు, షోకుకు పనికిరావు.

కళాశాలలలో ప్రవేశద్వారం దగ్గర, గ్రంథాలయంలో పెద్ద అక్వేరియం ఉంటే శోభగా ఉంటుందని విద్యార్థులు కోరడం, పెద్దలు సానుభూతితో వినడం సహజమే. మేమూ దానిని కాదనము. కమిటీ వారికి మా మనవి ఇంతే: చేప ఏదన్న చర్చకు ముందు, పరీక్షలై కళాశాల మూతబడే వేసవి నెలలలో తొట్టెకు మేత వేసి, నీరు మార్చి, కరెంటు పోయిన రాత్రి వచ్చి చూసే మనిషి ఎవరో తేల్చాలి. ఆ మనిషికి ఆ పనికి తగిన భత్యం మంజూరు చేసి, పేరు రిజిస్టరులో వ్రాసిన తర్వాత తొట్టెను కొనవచ్చు.