జంటనాట్యమున ఎదురుబలము

పాఠశాలా పత్రికలో నాట్యమును గూర్చి వ్రాయుటయా యని పెద్దలు కొందఱు నొసలు చిట్లింపవచ్చును. మేమును చిరకాలము అట్టివారమే. తాంగో యను జంటనాట్యమున పురుషుడు లాగును, స్త్రీ వెంటబోవును, ఇంతకంటె దానియందేమున్నదని తలంచితిమి. ఆ తలంపు తప్పని యిప్పుడు చెప్పదలచినాము.

తాంగో 19వ శతాబ్దపు చివర దక్షిణ అమెరికాలో బ్యూనస్ ఎయిరీస్, మాంటెవీడియో నగరముల బీదపేటలలో పుట్టినది. ఐరోపానుండి పొట్టకూటికై వచ్చినవారును, ఆఫ్రికా బానిసల సంతతివారును, స్థానికులును దానిని పెంచిరి. 1913లో పారిసు నగరము దానిపై వెఱ్ఱియెత్తియుండగా, జర్మను చక్రవర్తి రెండవ విల్‌హెల్ము తన సేనాధికారులు సైనికదుస్తులతో దాని నాడరాదని యాజ్ఞాపించెను. 1918లో చక్రవర్తి పదవి పోయినది, తాంగో పోలేదు. 2009లో యునెస్కో వారు దానిని మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చిరి.

ఇందు ముందుగా వల్లించిన వరుస లేదు. ప్రతి యడుగును అప్పటికప్పుడు పుట్టవలసినదే. నడుపువాడు నోట చెప్పడు, చేత త్రోయడు. తన రొమ్మును, దేహభారమును ఇంచుక కదల్చును. ఆ కదలిక కౌగిలి ద్వారా రెండవవారికి తెలియవలెను. చేతులు తడిగుడ్డవలె వ్రేలాడినచో ఏమియు తెలియదు. కొయ్యవలె బిగిసినచో గోడతో మాటలాడినట్లే. ఈ రెంటి నడుమ నుండు కొలదిపాటి యెదురుబలమే వారి భాష. వదులైన దారము గాలిపటము సంగతి చేతికి చెప్పునా? ఇద్దఱు పిల్లలు బల్ల మోయునపుడు ఒకడు పట్టు సడలించినచో రెండవవానికి బరువే గాని తోడు దొరకదు.

అయినను అనుసరణమనగా విధేయతయే గదా యందురు. మేమట్లు తలంపము. పరాద యను ఘట్టమున నడుపువాడు తన పాదమును ఆమె పాదమున కడ్డముగా నుంచి యాగును. దానిని దాటుట యామె పని. ఎంతసేపటికి దాటునో, దాటకమున్ను పాదముతో నేలపై నేమి ముగ్గు వేయునో యామె యిష్టము. అతడు వేచియుండవలసినదే, తొందరపడి త్రోసినచో నాట్యము చెడును.

ఆహ్వానము సైతము చూపుతోనే. దూరమునుండి కన్నులు కలిపి తల యూపుదురు. ఇష్టము లేనివారు చూపు మరల్చుకొందురు. కాదన్నవారు సంజాయిషీ చెప్పనక్కఱలేదు, కాదనిపించుకొన్నవారికి నలుగురిలో చిన్నతనమును లేదు. కాదనుటకు వీలుండుటచేతనే ఔననుటకు విలువ కలిగినది.

మాకు మిక్కిలి నచ్చిన దింకొకటి కలదు. 20వ శతాబ్దపు పూర్వార్ధమున బ్యూనస్ ఎయిరీస్ యువకులు తమలో తామే జంటలై అభ్యసించెడివారు. క్రొత్తవాడు తొలుత అనుసరించుట నేర్చి, పిమ్మటనే నడుపుట కెక్కెడివాడు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నడుపుట మాత్రమే నేర్పిరి. చేతులు కట్టుకొని తల యూపు పిల్లవానినే ఇరువదియేండ్లు మంచివాడనుకొంటిమి. లెక్క చేయుచుండగా "ఎందుకండీ?" యని మాటిమాటికి నడ్డుపడిన యొకనిని బెంచి యెక్కించితిమి. పరీక్షలో వానికి మంచి మార్కులే వచ్చినవి. మరల మమ్ము ఒక్క ప్రశ్నయు నడుగలేదు.