ల్యాప్‌టాప్ పోతే పోయేది టీచరు సొమ్మొక్కటే కాదు

పోయినేడు అర్ధసంవత్సర పరీక్షలు అయ్యాక మా బడి తెలుగు టీచరు ఒక బస్టాండులో కూర్చుని మార్కులు ఎక్కిస్తున్నారు. బస్సు వచ్చిందేమో చూద్దామని లేచి నాలుగడుగులు వేశారంతే. తిరిగి వచ్చేసరికి బెంచీ మీద ల్యాప్‌టాప్ లేదు. దాని వాయిదాలు ఆమె ఇంకా కడుతూనే ఉన్నారు. అయినా మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది అందులో ఉన్న సమాచారం.

ఆరేళ్లుగా ఆమె స్వయంగా టైపు చేసుకున్న తెలుగు పాఠాలు, అభ్యాసాలు, ప్రశ్నపత్రాలు అందులో ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల ఆవల ఉన్న బడుల్లో ఇవి అంగట్లో దొరికే సరుకు కాదు. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా, షోలాపూర్‌లోనైనా అక్కడి పిల్లల మాటకు, చదువుకు తగ్గట్టు చాలావరకు టీచరే తయారు చేసుకోవాలి. వీటితోపాటు పిల్లల పుట్టిన తేదీలు, ఆధార్ నంబర్లు, ఉపకారవేతనాల కోసం తీసుకున్న బ్యాంకు ఖాతాలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు కూడా అందులోనే ఉన్నాయి. ఇంటింటికీ తిరిగి అడిగితే మమ్మల్ని నమ్మి ఇచ్చిన వివరాలవి.

‘పాస్‌వర్డ్ ఉందిగా’ అని మేమూ మొదట సర్దిచెప్పుకున్నాం. కానీ ఆ పాస్‌వర్డ్ వాకిలి గడియలాంటిదే. లోపలి డిస్కు ఊడదీసి వేరే కంప్యూటరుకు తగిలిస్తే ఫైళ్లన్నీ చదవొచ్చు. డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటేనే అది దొంగకు అర్థంకాని గీతలుగా మిగులుతుంది. విండోస్ ప్రోలో బిట్‌లాకర్, హోమ్ రకంలో చాలా యంత్రాలకు డివైస్ ఎన్‌క్రిప్షన్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ పేరుతో ఈ సదుపాయం ముందే ఉంటుంది. వేరే ఖర్చు లేదు. దాని రికవరీ కీ మాత్రం కాగితం మీద రాసి బడి బీరువాలో దాచాలి. అది పోతే మన ఫైళ్లు మనకే అందకుండా పోవచ్చు.

మిగిలినవి అలవాటు చేసుకోవాల్సినవి. సీటులోంచి లేస్తే విండోస్ మీట, ఎల్ కలిపి నొక్కి తెరకు తాళం వేయాలి, యంత్రాన్ని వెంట తీసుకెళ్లాలి. ప్రయాణంలో నిద్రావస్థలో వదలకుండా పూర్తిగా ఆపేయాలి. గోడకు వీపు ఆనేలా కూర్చుంటే వెనకనుంచి ఎవరూ చూడలేరు. పాఠాల కాపీ ఉన్న పెన్‌డ్రైవ్‌ను ల్యాప్‌టాప్ సంచిలోనే పెడితే రెండూ ఒకేసారి పోతాయి. యంత్రం పోయిందని తెలియగానే ఫోన్‌లోంచి మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయాలి. ఆపై పోలీసు ఫిర్యాదు ఇచ్చి, హెచ్‌ఎంకు చెప్పాలి.

అసలు బడి పని బయట చేయడమెందుకని కొందరు అడుగుతున్నారు. ఒక్క తెలుగు టీచరు రెండు బడులకు తిరగాల్సి వచ్చినప్పుడు, బడిలో నెట్ అందనప్పుడు, గడువు ఈ సాయంత్రమే అన్నప్పుడు బస్టాండే ఆఫీసవుతుంది. ఆ పరిస్థితి కల్పించి, జాగ్రత్త మొత్తం ఆమె నెత్తిన వేయడం న్యాయం కాదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వ్యక్తిగత వివరాలను ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించే సంస్థే వాటికి తగిన భద్రత కల్పించాలంటుంది. అంటే ఇది ముందుగా బడి బాధ్యత.

అందుకే మా విన్నపం యాజమాన్యాలకు, హెచ్‌ఎంలకు. టీచరు సొంత యంత్రంలో బడి పని చేయిస్తున్నప్పుడు, దానికి ఎన్‌క్రిప్షన్ పెట్టించే పని మీరు చేపట్టండి. ఆధార్, బ్యాంకు వివరాలు బడి కంప్యూటరు దాటకుండా చూడండి. బయటికి వెళ్లే యంత్రంలో పేరు, తరగతి, మార్కులు చాలు. నెలకోసారి తెలుగు పాఠాల కాపీ తీసి బీరువాలో పెట్టించండి. పొరపాటున యంత్రం పోతే టీచరు భయపడకుండా వెంటనే వచ్చి చెప్పగలిగేలా ఉండండి. దాచిపెట్టిన ప్రతి గంటా దొంగకే లాభం.

మా టీచరు ఇప్పుడు పాత విద్యార్థుల నోటుపుస్తకాలు అడిగి తెచ్చుకుని ఆ పాఠాలు మళ్లీ టైపు చేస్తున్నారు. సాయంత్రాలు మేమూ తలా ఒక తరగతి పంచుకున్నాం. మూడో తరగతి పూర్తయింది. దాని కాపీ బడి బీరువాలో ఉంది.