లైబ్రరీలకూ ర్యాంకులు ఇవ్వాలా? ఇస్తే ఏం లెక్కపెట్టాలి.. పుస్తకాలా, పాఠకులా?

కాలేజీలకు ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులున్నాయి. నగరాలకు స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకులున్నాయి. మరి మన ఊళ్లోని ప్రభుత్వ గ్రంథాలయం బాగా పనిచేస్తోందో లేదో తేల్చేదెలా? తెలుగు రాష్ట్రాల్లో ఇంటి పన్ను కట్టేవాళ్లంతా లైబ్రరీకి కూడా డబ్బు కడుతున్నారు. కాబట్టి ఈ ప్రశ్న అడిగే హక్కు అందరికీ ఉంది. అయితే లెక్క తప్పితే మాత్రం బాగుపడాల్సిన లైబ్రరీయే ముందు దెబ్బతింటుంది. అదెలాగో చూద్దాం.

మన జేబులోంచి 8 పైసలు

1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్ వసూలవుతోంది. రూపాయికి 8 పైసలు. అంటే 5 వేల పన్ను కట్టే ఇంటి నుంచి 400 రూపాయలు. వసూలు చేసేది మున్సిపాలిటీలు, పంచాయతీలు. ఖర్చు పెట్టాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థలు. అసలు చిక్కంతా ఈ మధ్యలోనే ఉంది. వసూలైన సెస్ లైబ్రరీలకు సకాలంలో చేరడం లేదని, బకాయిలు పేరుకుపోతున్నాయని ఏళ్లుగా ఫిర్యాదులు ఉన్నాయి. సెస్ రాకపోతే కొత్త పుస్తకాలు రావు. ఖాళీ పోస్టులు భర్తీ కావు. పాఠకులు తగ్గిపోతారు. అప్పుడు ర్యాంకు పెడితే ఆ లైబ్రరీ అట్టడుగున ఉంటుంది. మరి తప్పు లైబ్రరీదా? డబ్బు ఇవ్వనివాళ్లదా?

అమెరికాలో ఏం చేశారు?

లైబ్రరీలకు దేశవ్యాప్తంగా రేటింగ్ ఇవ్వడంలో అమెరికాకు మంచి అనుభవం ఉంది. థామస్ హెన్నెన్ అనే లైబ్రరీ నిపుణుడు 1999లో ర్యాంకులు మొదలుపెట్టారు. ఎంత ఖర్చు పెట్టారు, ఎంతమంది సిబ్బంది ఉన్నారు, ఎన్ని పుస్తకాలు పాఠకుల చేతికి వెళ్లాయి.. ఇలాంటివన్నీ కలిపి ఒకే స్కోరు ఇచ్చేవారు. ఖర్చునూ సేవనూ ఒకే గాటన కట్టడమేంటని విమర్శలు వచ్చాయి.

2009లో లైబ్రరీ జర్నల్ పత్రిక దారి మార్చింది. కీత్ కర్రీ లాన్స్, రే లయన్స్ అనే ఇద్దరు నిపుణులు కొత్త సూచీ తయారుచేశారు. మొదట్లో అందులో చూసింది నాలుగే అంశాలు. ఎంతమంది వచ్చారు? ఎన్ని పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లారు? కార్యక్రమాలకు ఎంతమంది హాజరయ్యారు? ఇంటర్నెట్ కంప్యూటర్లను ఎంతగా వాడారు? వీటిని జనాభాతో భాగించి లెక్క కట్టారు.

ఇక్కడే అసలు విషయం ఉంది. కోట్ల డాలర్ల బడ్జెట్ ఉన్న లైబ్రరీని చిన్న ఊరి లైబ్రరీతో పోటీకి పెట్టలేదు. ఖర్చును బట్టి గ్రూపులు చేసి, సాటివాళ్లతోనే పోల్చి స్టార్లు ఇచ్చారు. పైగా ఈ స్కోరు సేవ నాణ్యతను కొలవదని, వాడకాన్ని మాత్రమే చూపిస్తుందని రూపొందించినవాళ్లే చెప్పేశారు.

పక్కనే కేరళ ఉంది

అంత దూరం వెళ్లకపోయినా పర్లేదు. కేరళలో ఊరి జనమే నడుపుకునే లైబ్రరీలు వేలల్లో ఉన్నాయి. స్టేట్ లైబ్రరీ కౌన్సిల్ వాటి పనితీరు చూసి గ్రేడ్లు ఇస్తుంది. గ్రేడును బట్టే ఏటా గ్రాంటు. పని చేసేవాళ్లకు ఇది ప్రోత్సాహమే. కానీ అన్ని గ్రేడింగ్‌లలోనూ ఉండే ప్రమాదం ఇందులోనూ ఉంది. కింది గ్రేడులో ఉన్నవాళ్లకు డబ్బు తక్కువ. డబ్బు తక్కువైతే పైకి ఎక్కడం కష్టం.

మన దగ్గర ఈ లెక్కలు పనికొస్తాయా?

అమెరికా కొలమానాన్ని ఇక్కడ యథాతథంగా పెడితే బోల్తా పడతాం. జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో పొద్దున్నే కుర్చీలు పట్టుకునేది ఎక్కువగా ఎవరు? గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు చదివేవాళ్లు. చాలామంది సొంత పుస్తకాలే తెచ్చుకుంటారు. అద్దె గదిలో నలుగురి మధ్య చదవలేక, ఫ్యాన్, లైటు, నిశ్శబ్దం కోసం వస్తారు. సాయంత్రం దాకా కదలరు. వీళ్లు ఒక్క పుస్తకం కూడా ఇంటికి తీసుకెళ్లరు. ఇచ్చిన పుస్తకాల లెక్క చూస్తే ఆ లైబ్రరీ ఫెయిల్. కుర్చీల లెక్క చూస్తే ఫస్ట్ క్లాస్.

జనాభా లెక్కతోనూ తంటాయే. చుట్టుపక్కల మండలాల నుంచి వచ్చేవాళ్లు జిల్లా కేంద్రంలోనే చదువుతారు. దాంతో అక్కడి లైబ్రరీ స్కోరు పెరుగుతుంది. వాళ్ల సొంత మండలంలోని శాఖా గ్రంథాలయం స్కోరు పడిపోతుంది.

మరో మాట. సంఖ్యను బట్టే డబ్బు వస్తుందంటే హాజరు రిజిస్టర్‌లో సంతకాలు పెరగడం ఎంతసేపు?

మరి ఏం చేయాలి?

మొదటిది.. రెండు పట్టికలు వేరువేరుగా ఉండాలి. లైబ్రరీకి రావాల్సిన సెస్ ఎంత, వచ్చింది ఎంత అనేది ఒకటి. వచ్చిన డబ్బుతో ఏం చేశారన్నది రెండోది. మొదటి పట్టికలో మార్కులు పడాల్సింది లైబ్రేరియన్‌కు కాదు, మున్సిపాలిటీకి, పంచాయతీకి.

రెండోది.. శాఖా గ్రంథాలయాన్ని శాఖా గ్రంథాలయంతోనే పోల్చాలి. జిల్లా కేంద్రాన్ని జిల్లా కేంద్రంతోనే పోల్చాలి.

మూడోది.. కుర్చీలో కూర్చున్న గంటలూ లెక్కలోకి రావాలి. అలాగని అభ్యర్థులతో హాలు నిండిందని సరిపెట్టుకోకూడదు. పిల్లలు, గృహిణులు, పెద్దవాళ్లు ఎంతమంది వస్తున్నారో విడిగా చూడాలి. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం దొరకాలని ఎస్‌ఆర్ రంగనాథన్ 1931లోనే సూత్రం రాశారు. ఆ లెక్క హాజరు పట్టీలో దొరకదు. అడిగిన పుస్తకం దొరక్క వెనక్కి వెళ్లినవాళ్లెందరో రాసిపెట్టుకుంటేనే తెలుస్తుంది.

ర్యాంకు అంటే థర్మామీటర్ లాంటిది. జ్వరం ఎంతుందో చెబుతుంది. మందు మాత్రం సమయానికి చేరే సెస్, కొత్త పుస్తకాలు, పోస్టుల భర్తీ. అవి లేకుండా జాబితా ఒక్కటే విడుదల చేస్తే, కింద ఉన్న లైబ్రరీలను మూసేయడానికి అదే సాకుగా మారే ప్రమాదం ఉంది.